సముద్రానికి మంగళవారం సెలవు

సిడ్నీలో చదువుకున్న రోజులన్నీ నాకు నిద్రమత్తులోనే గుర్తున్నాయి. పగలు యూనీ, సాయంత్రాలు అసైన్‌మెంట్లు, క్వేకర్స్ హిల్‌లో నలుగురు అమ్మాయిలం అద్దెకున్న ఇంట్లో ఒకరి వంటకి ఇంకొకరు పెట్టే వంకలు. వారం చివరికి వచ్చేసరికి నేను దక్షిణంగా పోయే రైల్లో పడేదాన్ని. పడటమంటే నిజంగా పడటమే. కిటికీకి తల ఆనించానంటే మళ్ళీ హెలెన్స్‌బర్గ్ దాటాక గానీ తెలివి వచ్చేది కాదు. నిద్ర సుఖమెరుగదంటారు. ఆ కిటికీ అంచు నా చెంప మీద గీసిన గీత గమ్యం చేరేదాకా చెరిగేది కాదు.

హెలెన్స్‌బర్గ్ దాటాక సొరంగాలు. చీకటి, వెలుతురు, మళ్ళీ చీకటి, ఉన్నట్టుండి ఎడమ పక్కన సముద్రం. కుడి పక్కన అడవి కప్పుకున్న కొండ. సగం నిద్రలో అది మా మచిలీపట్నం వైపు సముద్రమే అనుకునేదాన్ని. మాకు కొండలు లేవు కదా, ఇవెక్కణ్ణించి వచ్చాయని కలలోనే చిరాకు పడేదాన్ని. నాకు ముక్కు మీదే కోపం. నిద్రపోయేటప్పుడు కూడా దాన్ని పక్కన పెట్టి పడుకోను.

రైలు ఆగిపోయే చివరి స్టేషన్ నుంచి బస్సు, బస్సు దిగాక కాస్త నడక. అక్కడ ఉప్పునీటి సరస్సు ఒకటి ఇసుకని చీల్చుకుని సముద్రంలో కలుస్తుంది. అలాంటి చోటుని మా వైపు మొగ అంటారు. మొగకి ఈ పక్కన, రేకుల కప్పు, పొడుగాటి వరండా ఉన్న ఒక గెస్ట్‌హౌస్‌లో నాకు వారాంతపు పని. సెలవులొస్తే వారమంతా అక్కడే. పక్కలు మార్చడం, పండ్లు కోయడం, అవుటింగ్‌కి వెళ్ళేవాళ్ళకి లంచ్ కట్టివ్వడం, పడవలో రెండో మనిషి అవసరమైతే ఎక్కి కూర్చోవడం. ఈ చివరిదాన్ని కూడా పని అంటారని మా ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు, చెబితే నమ్మరు.

గెస్ట్‌హౌస్ నడిపేది ఒక ఘనా ఆవిడ. వాళ్ళ దేశంలోనూ పెద్దవాళ్ళని ఆంటీ అనే పిలుస్తారట. తొలిరోజు నేను అలవాటు కొద్దీ "ఆంటీ" అనగానే, "అమ్మయ్య, నన్ను పేరు పెట్టి పిలవని పిల్ల ఒకతి దొరికింది," అంది. మనిషి నిండుగా ఉంటుంది, నడక నెమ్మది, నోరు మాత్రం చురుకు. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషే. అయినా ఆవిడ మాటలన్నీ నాకు తెలుగులోనే గుర్తున్నాయి. ఎప్పుడు, ఎలా మారిపోయాయో నాకు తెలీదు.

వాళ్ళమ్మ ఘనా తీరంలో గెస్ట్‌హౌస్ నడిపేదట. ఆ కథలు ఆంటీ పక్కలు మారుస్తూ చెప్పేది, నేను దుప్పటి రెండో అంచు పట్టుకుని వినేదాన్ని. కొబ్బరిచెట్ల కింద గదులు. వచ్చిన గెస్టుల్ని ఒక రోజు దోనెలో మడ అడవిలోకి కొంగల్ని చూపించడానికి తీసుకెళ్ళేవారు. ఒక రోజు పెద్ద చెట్ల అడవిలోకి. ఇంకో రోజు తెల్లారుతుండగా, తాబేళ్ళు గుడ్లు పెట్టి వెళ్ళిన జాడలు చూడటానికి ఇసుక మీదికి. "మంచం ఇచ్చి ఊరుకుంటే వచ్చినవాడు అద్దెకున్నవాడే. నీళ్ళ మీదికి తీసుకెళ్తే చుట్టమవుతాడు," అనేదట వాళ్ళమ్మ. నేను చూడని ఆ తీరం నాకు మా తీరం కంటే బాగా తెలుసనిపించేది. రైల్లో నిద్రపోతే రెండూ కలిసిపోయేవి. మా చిన్నాన్న ఆ కొబ్బరిచెట్ల కింద కూర్చుని వల బాగుచేసుకుంటూ ఉండేవాడు.

ఆంటీ ఇక్కడా అదే పద్ధతి పెట్టింది. పొద్దున్నే సరస్సు మీద పొగమంచు ఉండగా బయలుదేరేవాళ్ళం. చిన్న అల్యూమినియం పడవ, ఇక్కడివాళ్ళు టిన్నీ అంటారు. మంచులో ముందు ఏమీ కనిపించదు. తర్వాత ఒక పెలికాన్ తల, తర్వాత దాని ఒళ్ళు. అడుగున ఇసుక మీద తిరకలి చేపలు, ఇక్కడివాళ్ళ స్టింగ్‌రేలు, దుప్పట్లు ఆరేసినట్టు పరుచుకుని ఉండేవి, పడవ నీడ పడగానే అంచులు ఎత్తి జరిగేవి. ఆంటీ మోటారు ఆపేసేది. అప్పుడు ఎవరూ మాట్లాడేవారు కాదు. ఒక్కసారి మాత్రం సిడ్నీ నుంచి మా తెలుగు చర్చివాళ్ళు పిల్లల్తో సహా పిక్నిక్‌కి వచ్చారు. తల్లులు, "ఒరేయ్, నీళ్ళలోకి వంగకు, పడతావ్," అని తెలుగులో అరవడం, పిల్లలు "ఐయామ్ నాట్ ఈవెన్ లీనింగ్," అని ఇంగ్లీషులో జవాబివ్వడం, ఒడ్డున బార్బెక్యూ పొయ్యి మీద కోడి మాడిపోవడం. ఆ రోజు చుట్టుపక్కల పక్షి అన్నది కనిపించలేదు.

మంగళవారం మాత్రం పడవ నీళ్ళలో దిగదు. ఆంటీ పుట్టిన తీరంలో మంగళవారం సముద్రానికి విశ్రాంతి. ఎవరూ వల వేయరు, పడవ తోయరు. ఇక్కడ కూడా ఆవిడ మంగళవారం గెస్టుల్ని అడవిలోకే తీసుకెళ్ళేది. ఆదివారం చర్చికి వెళ్తుంది, మంగళవారం నీళ్ళని కదపదు. రెండింటికీ మధ్య తగువేమీ ఆవిడకి కనబడలేదు. నాకూ వింతనిపించలేదు. చర్చికెళ్ళే మా మత్స్యకారుల పేటల్లో ఆదివారం పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. చేపలు వచ్చి గుమ్మంలో పడ్డా ఆ రోజు వల తీయరు.

నా మొదటి ఏడాదిలోనే, చలి ఇంకా ముదరకముందు, సిడ్నీలో ద పాండ్స్ అనే పేట నుంచి ఒక తెలుగు జంట వచ్చారు. యాభై దాటిన వయసు, పిల్లలు లేరు. ఆయన ఫైనాన్స్‌లో పెద్ద ఉద్యోగం. అంకుల్ అని పిలిచేదాన్ని. ఆయన భార్యది రాజమండ్రి. పొద్దున్నే టోపీ పెట్టుకుని వరండాలో సిద్ధంగా కూర్చుంది. అంకుల్ గదిలో లాప్‌టాప్ ముందున్నారు. "ఒక్క కాల్, అయిపోతుంది," అన్నారు. కాసేపటికి, "ఇంకొక్కటి," అన్నారు. మంచు విడిపోతోందని ఆంటీ తొందరపెడితే, తలుపు సందులోంచి, "నువ్వెళ్ళవోయ్, నెక్స్ట్ టైమ్ నేనూ వస్తా," అన్నారు.

ఆవిడ ఒక్కతే మాతో వచ్చింది. పడవ అంచు మీంచి చెయ్యి నీళ్ళలో పెట్టి, తిరిగి వచ్చేదాకా తియ్యలేదు. "మా గోదారిలో చెయ్యి ముంచితే చెయ్యే కనపడదు. ఇక్కడ గోళ్ళు కూడా లెక్కపెట్టుకోవచ్చు," అంది నాతో. సరస్సు మధ్యలో ఇసుకతిప్ప మీద దిగి లంచ్ తిన్నాం. వెనక్కి వచ్చాక అంకుల్, "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది," అంది. ఆయన మళ్ళీ లాప్‌టాప్ వైపు తిరిగారు. నాకు ఒళ్ళు మండింది. ఆవిడకి మండినట్టు కనిపించలేదు.

ఆ జూలైలోనే ఆవిడ చనిపోయింది. ఏమైందో నేను అడగలేదు, ఉన్నట్టుండి జరిగిందని మాత్రం విన్నాను. అస్థికలు పట్టుకుని అంకుల్ గెస్ట్‌హౌస్‌కే వచ్చారట. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆవిడ ఈ పడవ గురించే చెప్పేదట. ఆంటీ ఆయన్ని పడవెక్కించుకుని మొగ దాటించి, సముద్రంలో కలిపించి తీసుకొచ్చింది. అప్పటికి యూనీ మళ్ళీ తెరిచారు, నేను క్లాసుల్లో ఉన్నాను. ఆయన దారి పొడుగునా కళ్ళు మూసుకునే ఉన్నారని ఆంటీ చెప్పింది.

మరుసటి ఏడాది జూలై సెలవుల్లో నేను గెస్ట్‌హౌస్‌లోనే ఉన్నాను. ఒక సోమవారం మధ్యాహ్నం అంకుల్ కారు వచ్చి ఆగింది. డిక్కీలోంచి కుక్కరు, స్టీలు గిన్నెలు, బియ్యం, ఇండియన్ షాపులో కొన్న విస్తరాకులు దింపారు. మనిషి సగమయ్యారు. రేపు భార్య సంవత్సరీకమని, మధ్యాహ్నం ఆవిడని కలిపిన చోటికి పడవలో వెళ్ళి నీళ్ళు వదలాలని, అన్నం పెట్టాలని చెప్పారు. మాకు పోయినవాళ్ళని తలుచుకోవడం ఇంగ్లీషు తేదీ ప్రకారమే. తిథి అంటే చంద్రుడి లెక్క అని ఆయనే నాకు వివరించారు. "ఊళ్ళో మా అన్నయ్య క్యాలెండర్ చూసి చెప్పాడమ్మా. మంగళవారం. ఆఫీసుకి లీవ్ పెట్టేశాను. పోయినసారి నెక్స్ట్ టైమ్ అన్నాను కదా."

ఆంటీ ఆయన చేతులు పట్టుకుని పలకరించింది, టీ ఇచ్చింది, ఆయన పక్కనే కూర్చుంది. అన్నీ అయ్యాక, మంగళవారం మాత్రం పడవ తియ్యనని చెప్పింది.

అంకుల్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది. "తిథి నేను పెట్టుకున్నది కాదు, పోస్ట్‌పోన్ చేసుకోవడానికి," అన్నారు.

"మంగళవారం నేను పెట్టుకున్నదీ కాదు," అంది ఆంటీ.

"ఇది మీ ఊరి సముద్రం కాదు కదా."

"నీళ్ళకి నా ఊరు, నీ ఊరు లేవు. నీ భార్యని కలిపిన నీళ్ళు ఈపాటికి మా ఊరు కూడా చూసే ఉంటాయి. మా నాన్న ఇంట్లో గింజ లేని మంగళవారాలు కూడా పడవ తియ్యలేదు. నేను కడుపునిండా తిని తియ్యనా?"

నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. పక్క ఊళ్ళో చేపలవేటకి అద్దెకిచ్చే పడవలున్నాయి, ఫోన్ చేస్తానన్నాను. అంకుల్ వద్దన్నారు. "ఆవిడ కూర్చున్న పడవే కావాలమ్మా. వేరే పడవైతే ద పాండ్స్‌లో చెరువు గట్టున కూర్చున్నా ఒకటే." ఇద్దరూ ఇద్దరే. ఆ పూట ఒకరితో ఒకరు చాలా మర్యాదగా మాట్లాడుకుంటూ భోంచేశారు. నాకు ఆ మర్యాద చూస్తే భయమేసింది.

మంగళవారం తెల్లారింది. అలాంటి సముద్రాన్ని నేను మళ్ళీ చూడలేదు. పడమటి గాలికి అలలన్నీ అణిగిపోయి, మొగ దగ్గర కూడా నురగ లేదు. నీళ్ళకీ ఆకాశానికీ మధ్య గీత ఎక్కడో తెలియలేదు. దూరంగా ఉత్తరానికి పోతున్న తిమింగలం ఒకటి ఊపిరి వదిలితే, ఆ తెల్లటి ఆవిరి కూడా తొందర లేకుండా నిలబడి, నిలబడి, పోయింది. అంకుల్ పంచె కట్టుకుని, చల్లటి ఇసుక మీద చెప్పులు లేకుండా నిలబడి ఉన్నారు.

నేను విసురుగా వంటింట్లోకి వెళ్ళాను. "చూశారా ఆంటీ, పసిపిల్లకి స్నానం చేయించొచ్చు ఆ నీళ్ళలో. ఇరవై నిమిషాల పని. ఎవరు చూస్తారు?"

ఆంటీ అరటికాయ తొక్క తీస్తోంది. తల ఎత్తలేదు. "నిద్రపోయేవాళ్ళు అలాగే ఉంటారు. బాగున్నారు కదా అని లేపుతామా?" అంది. నిద్ర సంగతి నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కోపం మాత్రం తగ్గలేదు. ప్లేట్లు కాస్త గట్టిగానే సర్దాను.

వరండాలోకి వచ్చేసరికి అంకుల్ ఫోన్‌లో ఉన్నారు. హెలెన్స్‌బర్గ్ గుడిలో తెలిసిన పూజారిగారితో. నీళ్ళ మీదికి వెళ్ళకుండా ఒడ్డునే చేస్తే చెల్లుతుందా అని అడగడానికి చేసినట్టున్నారు. కాసేపు విన్నారు. "అదేంటండీ," అన్నారు. మళ్ళీ విన్నారు. ఫోన్ పెట్టేసి మెట్ల మీద కూర్చుండిపోయారు.

నేను పక్కన కూర్చుంటే నెమ్మదిగా చెప్పారు. తద్దినానికి మధ్యాహ్నం ఉండే తిథి చూడాలి. ఈ తిథి ఊళ్ళో మంగళవారం మధ్యాహ్నానికల్లా వచ్చేస్తుంది. కానీ అక్కడ మధ్యాహ్నమయ్యేసరికి ఇక్కడ పొద్దుగూకిపోతుంది. అందుకని ఇక్కడి మధ్యాహ్నానికి ఆ తిథి దొరికేది బుధవారమే. అన్నయ్య ఊరి క్యాలెండర్ చూసి ఊరి రోజు చెప్పాడు, ఈయన ఇక్కడ అదే రోజు పట్టుకున్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే రేపే కదా అంకుల్. ఏ గొడవా లేదు. ఆంటీకి చెప్పొస్తాను," అని లేచాను. ఆయన కదల్లేదు.

"నెల నెలా మాసికం పెట్టానమ్మా. ఒక్కటి మానలేదు. యూట్యూబ్ చూసి వంట నేర్చుకున్నాను. ప్రతి నెలా అన్నయ్య చెప్పిన రోజే పెట్టాను." ఫోన్ మెట్టు మీద బోర్లా పెట్టారు. "వాటిలో ఎన్ని తప్పో ఎవరికి తెలుసు. నేను వడ్డించిన రోజున ఆవిడ రాలేదేమో. ఆవిడ వచ్చిన రోజున ఇంట్లో పొయ్యి వెలగలేదు. నేను ఆఫీసులో ఉండుంటాను."

మా ఇళ్ళల్లో పోయినవాళ్ళు భోజనానికి రారు. వాళ్ళు ప్రభువు దగ్గర ఉంటారు, మనమే వెళ్ళాలి. ఆ మాట ఆయనకి పనికిరాదు. ఆవిడ ఖాళీ వంటింటి గుమ్మంలో టోపీతో నిలబడి ఉన్నట్టు నాకే కనిపించింది. ఏడుపొచ్చింది.

ఆంటీ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నేను ఇంగ్లీషులో అంతా చెప్పాను. చేతులు తుడుచుకుంటూ విని, ఆయన పక్కన కూలబడింది.

"నువ్వు ముందురోజే వండిపెట్టావు. ఆమె వచ్చేసరికి చల్లారిపోయింది. అంతేగా," అంది. "చల్లారిన అన్నం తినని ఆడది ఏ దేశంలో ఉందయ్యా?"

అంకుల్ ఆవిడ వైపు చూశారు. ఓదార్పుకన్నదో, దెప్పిపొడిచిందో నాకు తెలియలేదు. ఆయనకి తెలిసినట్టే ఉంది.

తర్వాత ఆంటీ లేచి, నిద్రపోతున్న నీళ్ళ వైపు చూస్తూ కూర్చోకూడదని, ఇద్దర్నీ కారెక్కించి అడవికి తీసుకెళ్ళింది. ఆ నడక నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. తాటిచెట్లకి దగ్గరి చుట్టాల్లాంటి పొడుగాటి చెట్లు, వాటి కింద తడి ఆకుల వాసన, ఆకుపచ్చగా పడే ఎండ. ఒకచోట లైర్‌పక్షి అరిచింది. అది అన్ని పక్షుల గొంతులూ పలుకుతుంది. ఒకదాని ఈల, ఇంకొకదాని నవ్వు, మధ్యలో కెమెరా క్లిక్కుమన్న చప్పుడు కూడా. అంకుల్ ఆగి విన్నారు. "ఇందులో దాని సొంత గొంతేది?" అని అడిగారు. "అన్నీ," అంది ఆంటీ. ఆ నడకలో ఆయన పెదవి విప్పింది అదొక్కసారే. పంచెతోనే నడిచారు, అంచంతా బురద. వెనక్కి వచ్చేటప్పుడు కార్లో నేను నిద్రపోయాను. లేచి చూస్తే ఇద్దరూ ముందు సీట్లలో నాకు మెలకువ రాకూడదని గుసగుసగా దారి గురించి మాట్లాడుకుంటున్నారు.

బుధవారం రేకుల చప్పుడుకి మెలకువ వచ్చింది. దక్షిణపు గాలి తిరిగింది. మొగ దగ్గర అలలు మనిషెత్తున లేచి విరుగుతున్నాయి. నిన్నటి నీళ్ళు ఇవేనంటే ఎవరూ నమ్మరు. ఆంటీ వరండా చివర నిలబడి చాలాసేపు చూసింది.

"మొగ దాటలేం," అంది. తర్వాత అంకుల్ వైపు తిరిగి, ముఖంలోకి చూస్తూ, "నిన్న బాగుంది. నాకు తెలుసు. నిన్న మళ్ళీ వచ్చినా నేను తియ్యను. కానీ నాకు బాధగా ఉంది," అంది.

ఆయన ఏదో ఒకటి అంటారని ఎదురుచూశాను. నేనైతే అనేదాన్ని. తెల్లవారకముందే లేచి వండిన గిన్నెలు ఆయన పక్కనే ఉన్నాయి, పైన మూతలు గాలికి టకటకలాడుతున్నాయి. ఆయన వాటిని రెండు చేతులతో అదిమి పట్టుకుని నిలబడ్డారు. అంతే.

అప్పుడు నేను చెప్పాను. "అంకుల్, ఆ రోజు ఆవిడ మొగ దాటలేదు. సముద్రంలోకి వెళ్ళలేదు. సరస్సులోనే తిరిగాం. ఇసుకతిప్ప మీద దిగి లంచ్ తిన్నాం. అక్కడికి ఈ గాలిలో కూడా వెళ్ళొచ్చు."

ఆయనకి ఆ సంగతి తెలియదు. "బాగుంది" అని తప్ప ఆవిడేమీ చెప్పలేదు, ఆయన అడగలేదు. "మరి ముందే చెప్పలేదేమ్మా," అని కూడా అనలేదు. గిన్నెలు పడవలో పెట్టసాగారు.

సరస్సు మీద గాలికి చిన్న చిన్న ముడతలు. తిరకలి చేపలు ఎక్కడికో పోయాయి. అంకుల్ పడవలో కళ్ళు తెరుచుకునే కూర్చున్నారు. కాసేపటికి చెయ్యి నీళ్ళలో పెట్టారు. చలికి వెంటనే తీసేశారు, మళ్ళీ పెట్టారు.

తిప్ప మీద నడినెత్తిన పొద్దు ఉండగా, దక్షిణం వైపు తిరిగి నువ్వులతో నీళ్ళు వదిలారు. నీళ్ళ అంచున ఒక ఆకు వేసి ముద్ద పెట్టారు. నల్లటి కాకి ఒకటి, ఈ దేశపు కాకి, పసిపిల్లలా ఏడుస్తూ వచ్చి వాలింది. తర్వాత ఇంకో రెండు ఆకులు తీసి మా ఇద్దరివైపు చూశారు. తద్దినం నాడు వచ్చినవాళ్ళు తినాలని నాకు తెలుసు. ఆంటీ ఏమీ అడక్కుండా ఇసుకలో చతికిలబడింది.

మా ఇంట్లో ఇలాంటి భోజనం ముట్టరు. ఎవరైనా ప్రసాదం చేతిలో పెడితే మా అమ్మ మర్యాదగా తీసుకుని పక్కవాళ్ళకి ఇచ్చేస్తుంది. నేను పుట్టి బుద్ధెరిగాక ఏ గుడి పులిహోరా తినలేదు. పొద్దున్నే టిఫిన్ ఎక్కువైంది, ఆకలి లేదు అంకుల్, అని చెప్పడానికి మాట సిద్ధం చేసుకున్నాను. అబద్ధం కూడా కాదు.

"ఆ రోజు ఎక్కడ కూర్చుందమ్మా?" అని అడిగారు.

చూపించాను. తిప్ప మధ్యలో కాస్త ఎత్తుగా ఉన్న చోటు.

"ఎటు తిరిగి?"

"గెస్ట్‌హౌస్ వైపు, అంకుల్." చెప్పాలో వద్దో తెలియలేదు, కానీ ఆయన ఇంకా నా వైపే చూస్తున్నారు. "మీ కాల్ అయిపోతే వరండాలోకి వస్తారని. వస్తే ఇక్కణ్ణించి కనిపిస్తారని. లంచ్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశారు. మేం తినేశాక తిన్నారు."

నీళ్ళకి అవతల గెస్ట్‌హౌస్ వరండా, దాని మెట్లు, ఆరేసిన తువ్వాళ్ళు అన్నీ కనిపిస్తున్నాయి. అంకుల్ అటు ఒక్కసారి చూశారు. తర్వాత చేతిలో ఆకుని నేను చూపించిన చోట పరిచి, ఎగిరిపోకుండా కొసల మీద తడి ఇసుక పెట్టారు. "అక్కడ కూర్చోమ్మా," అన్నారు.

కూర్చున్నాను. ఆయన నాకు ఎదురుగా, వరండాకి వీపు పెట్టి, గాలికి అడ్డంగా మోకాళ్ళ మీద కూర్చున్నారు. వరండా కనిపించడం మానేసింది, ఆయనే కనిపించారు. గిన్నెల మీంచి మూతలు తీశారు. అన్నం ఎక్కువే పడింది. పప్పు వేశారు. వంకాయ కూర వేశారు. నెయ్యి పేరుకుపోయి రాకపోతే వేలితో తీసి వేశారు.

"ఆలస్యమైంది," అన్నారు. "తిను."

ఆ మాట నాతో అన్నది కాదు. ఆయన నన్ను చూడటం కూడా లేదు. మా అమ్మ గుర్తొచ్చింది, సిద్ధం చేసుకున్న మాట గుర్తొచ్చింది. కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అన్నం చల్లారిపోయింది. పప్పులో ఉప్పు తక్కువ. గాలికి కాస్త ఇసుక కూడా కలిసింది. ఆయన నా చేతినే చూస్తూ కూర్చున్నారు. ఆకు ఖాళీ అయ్యేదాకా తిని, కడుపులో చోటు లేకపోయినా, మారు అడిగాను.